హాలులో ఆట, మసక లేని ఫొటో

పాఠశాల హాలులో కబడ్డీ పోటీ జరుగుతూంటుంది. కూతకు వెళ్లిన బాలిక ప్రత్యర్థిని తాకి గీత దాటే క్షణాన తండ్రి కెమెరా మీట నొక్కుతాడు. తీరా చూస్తే బిడ్డ ముఖం ఉండవలసిన చోట మసక చారయే మిగులుతుంది. ఆ ఆట మరల రాదు.

ఇందుకు కారణం వెలుతురు కొరత. కంటికి చాలినట్లు తోచినా, హాలులోని కాంతి మిట్టమధ్యాహ్నపు ఎండలో నూరవ వంతు కూడా ఉండదు. ఆ లోటు తీర్చుకొనేందుకు కెమెరా షట్టరును ఎక్కువసేపు తెరచి ఉంచుతుంది. ఈలోగా ఆటగాడు కదలిపోతాడు. పరుగును స్పష్టంగా పట్టాలంటే షట్టరు వేగం సెకనులో 500వ వంతు ఉండాలి.

అందుకు లెన్సు ద్వారాన్ని వీలైనంత పెద్దది చేయాలి. ఎఫ్ 5.6 కంటె ఎఫ్ 2.8 నాలుగింతల కాంతిని లోనికి రానిస్తుంది. ఐఎస్ఓను 3200 వరకు పెంచవచ్చు. చిత్రంపై ఇసుక చల్లినట్లు చుక్కలు పడినా, మసక కంటె అవే మేలు. వాలీబాల్ ఆటగాడు ఎగిరి పైకొసన ఉన్న లిప్తలో కదలిక తక్కువ. అప్పుడు 250వ వంతు సెకనుతోనూ సరిపెట్టుకోవచ్చు.

బళ్లారిలోనైనా హోసూరులోనైనా విద్యుత్తు 50 హెర్ట్జ్‌దే. పాతరకం ట్యూబులైట్లు సెకనుకు 100 మార్లు మినుకుమంటాయి. అందుచేత ఒక చిత్రం వెలుగుగా, మరొకటి చీకటిగా రావచ్చు. వరుసగా నాలుగైదు తీసి మంచిదానిని ఎంచుకోవాలి.

ఫ్లాష్ వాడరాదు. దూరం రెట్టింపైతే దాని వెలుగు నాలుగవ వంతుకు తగ్గుతుంది. ఆటగాళ్ల కళ్లూ చెదురుతాయి. సెల్‌ఫోనుతో తీసేవారు జూమ్ మాని, అనుమతించినంత దగ్గరగా, దీపాలు ఎక్కువున్న వైపు ఆటను పట్టాలి. పోటీకి ముందు పిల్లలు సాధన చేసేటప్పుడే రెండు మూడు తీసి సరిచూసుకోవడం ఉత్తమం.