నీళ్ళలోకి చూడటం నేర్పిన నాయన

మా హోసూరు పక్క పల్లెలో చేపలు పట్టడమంటే, బెండు ఎప్పుడు మునుగుతుందా అని గట్టున కూర్చుని ఎదురు చూడటం కాదు. మోకాటిలోతు నీళ్ళలో మేస్తున్న చేపను ముందు కంటితో కనిపెట్టాలి. ఆ తర్వాతే గాలం. ఈ విద్య నాకు మా నాయన నేర్పాడు.

మా చెరువులో అలా కనబడేది బంగారుతీగ. ఈ జాతి చేపల్ని మా చుట్టుపక్కల తమిళులు కెండై అనీ, కన్నడిగులు గెండె అనీ అంటారు. బంగారుతీగ మన దేశపు చేప కాదు. 1939లో శ్రీలంక నుంచి ఊటీకి ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి మరో రకం వచ్చాయి. బొచ్చె పైనీళ్ళలో, శీలావతి నడినీళ్ళలో మేస్తే, ఇది అడుగున బురదలో మేస్తుంది. నాలుగు మీసాలతో తడుముకుని, బురదను నోట్లోకి పీల్చి, తిండి ఉంచుకుని తక్కింది ఊసేస్తుంది. లోతు తక్కువైన చోట తల కిందికి పెడితే తోక పైకి తేలుతుంది. బురద పొగలా లేస్తుంది, వెంట చిన్న చిన్న బుడగలు వస్తాయి. అవే గుర్తులు.

"నీడ నీళ్ళ మీద పడనీయొద్దురా, అడుగు మెత్తగా వెయ్యి" అనేవాడు నాయన. చేప ఒంటికి రెండు పక్కలా ఉండే గీత నీటిలోని చిన్న అదురును కూడా పసిగడుతుందని నేను తర్వాతెప్పుడో చదువుకున్నాను. మొదటిసారి రాగిపిండి ముద్దను సరిగ్గా చేప మీదే వేశాను. బురద తప్ప ఏమీ మిగల్లేదు. "అన్నం విస్తట్లో పెడతారా, నెత్తిన పెడతారా?" అని నాయన నవ్వాడు. అది పోయే దారిలో, మూరెడు ముందుగా, చప్పుడు కాకుండా ఎరను జారవిడవాలట.

మొన్నామధ్య నాయనకు కంటిపొర తీయించాం. చూపు కుదిరాక కెలవరపల్లి ఆనకట్ట చూస్తానన్నాడు. నందికొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని, బెంగళూరు వైపు మురుగును మోసుకుని అక్కడికి చేరుతుంది. అక్కణ్ణుంచి కృష్ణగిరి ఆనకట్టకు పోతుంది. మేం వెళ్ళిన రోజు తలుపులెత్తి ఉన్నారు. ఏరంతా తెల్లటి నురుగు. నాయన చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నా కంటిపొర తీయించినావు. ఈ ఏటి పొర ఎవరు తీయించేది?" అన్నాడు.

తిరుగుదారిలో మా ఊరి చెరువు దగ్గర ఆగాం. వానలు వెలిసి నెలయింది, నీళ్ళు తేరుకున్నాయి. మా పాప తాత చెయ్యి పట్టుకుని గట్టు వెంట నడుస్తూ ఉన్నట్టుండి ఆగింది.

"తాతా, అక్కడ నీళ్ళలో పొగ!" అంది మెల్లిగా.

పొగ వెనకే తోక ఒకటి తళుక్కుమంది. మా దగ్గర గాలం లేదు. ముగ్గురం కదలకుండా నిలబడ్డాం.

మీరున్న ఊళ్ళో చెరువుంటే, ఒక ఉదయం పిల్లల్ని తీసుకెళ్ళండి. చేప దొరకనక్కరలేదు. కంటబడితే చాలు, ఆ నీళ్ళు ఇంకా తేటగా ఉన్నాయన్నమాట.