సూపర్‌మ్యాన్ చంపవచ్చునా?

కామిక్స్ పుస్తకాల్లో పుట్టి వెండితెరకెక్కిన సూపర్‌హీరోల సినిమాలపై అమెరికాలో అభిమానుల మధ్య దాదాపు అర్ధశతాబ్దంగా సాగుతున్న వాదవివాదాన్ని బయటివారు పిల్లచేష్టగా కొట్టిపారేయడం మామూలే. అయితే ఆ వాదంలో ఇరుపక్షాలూ చూపే ఆధారాలను, వాటిని పేర్చే తీరును కొంచెం ఓపికగా పరిశీలిస్తే, తరతరాలుగా చెప్పుకుంటున్న కథను మళ్లీ చెప్పేవాడికి ఎంత స్వేచ్ఛ ఉండాలి అన్న పాత ప్రశ్నే ఇక్కడ కొత్త వేషంలో కనిపిస్తుంది. తెరమీద కనిపించినవాడు నిజంగా ఆ వీరుడేనా అనేది ఒక ప్రశ్న. ఆ సినిమా సినిమాగా నిలబడిందా అనేది మరొక ప్రశ్న. అభిమానులు ఈ రెండింటినీ ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే ఒకే తీర్పులో కలిపేయడం వల్లనే కొన్ని తగవులు ఏళ్లు గడిచినా తెగడం లేదు.

మొదటి ప్రశ్నకు అంత బలం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఈ పాత్రల పుట్టుకను చూడాలి. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు సృష్టించిన సూపర్‌మ్యాన్ 1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో కనిపించాడు. బాబ్ కేన్, బిల్ ఫింగర్‌ల బ్యాట్‌మ్యాన్ మరుసటి ఏడాది వచ్చాడు. నవలలోని నాయకుడికి ఒక రచయిత, ఒక ముగింపు ఉంటాయి గాని, ఈ వీరుల మీద హక్కు ప్రచురణ సంస్థది కావడంతో ఒక రచయిత వదిలిన చోట మరొకరు అందుకుని ఎనభై ఏళ్లకు పైగా వారి కథను నడిపిస్తూనే ఉన్నారు. పాత సంచికల్లో జరిగినదానికి కొత్త సంచిక కట్టుబడి ఉండాలన్న నియమాన్ని అభిమానులు కంటిన్యూటీ అంటారు. ఈ నియమం ఎంత గట్టిదో అంత సాగేది కూడా. 1939 నాటి బ్యాట్‌మ్యాన్ తుపాకీ పట్టాడు, మనుషులను చంపాడు. పిల్లలు చదివే పుస్తకానికి అది తగదని సంపాదకులు కొద్దికాలానికే అడ్డుకట్ట వేయగా, ‘బ్యాట్‌మ్యాన్ చంపడు’ అన్నది ఆ తర్వాత పాత్రకు ప్రాణసూత్రమైంది. అంటే అభిమానులు అసలు రూపంగా భావించేది కూడా ఒకానొక దశలో చేసిన మార్పే.

పాఠకులు ఇంత పట్టుగా వాదించడం సినిమాలతో మొదలైనది కాదు. 1960ల నాటి కామిక్స్ చివరి పేజీల్లో పాఠకుల ఉత్తరాలు అచ్చయ్యేవి, కొన్ని పత్రికలు ఉత్తరం రాసినవారి చిరునామాను కూడా అచ్చువేయడంతో దూరదూరాల్లో ఉన్న అభిమానులు ఒకరినొకరు వెతికి పట్టుకోగలిగారు. మార్వెల్ సంపాదకుడు స్టాన్ లీ, కథలో తప్పు పట్టుకుని అది తప్పు ఎందుకు కాదో నమ్మదగిన కారణంతో వివరించిన పాఠకుడికి ‘నో ప్రైజ్’ పేరుతో ఒక గుర్తింపు ఇచ్చేవాడు. ఆ బహుమతి ఏమిటంటే, లోపల ఏమీ లేని ఒక కవరు. తప్పును ఎత్తి చూపడం, అంతటితో ఆగకుండా దానికి సమర్థన వెతకడం అనే రెండు పనులూ నేర్పిన ఈ ఆటను చిన్నచూపు చూడకూడదు, ఎందుకంటే నేటి సినిమా అభిమానుల తర్కమంతా అక్కడే తయారైంది. 1988లో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌ల ప్రచురణకర్త డీసీ సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసి, బ్యాట్‌మ్యాన్ సహచరుడు రాబిన్‌గా ఉన్న జేసన్ టాడ్ బతకాలా, చావాలా అన్నది తేల్చమని పాఠకులకే ఫోన్ నంబర్లు ఇచ్చింది. బతకాలని 5,271, చావాలని 5,343 కాల్స్ వచ్చాయి, 72 ఓట్ల తేడాతో ఆ కుర్రవాడు చనిపోయాడు. కథ మీద తమకు హక్కు ఉందన్న భావన అభిమానులకు ఊరికే కలగలేదు. ప్రచురణకర్తలే దానిని పెంచి పోషించారు.

1978లో రిచర్డ్ డోనర్ తీసిన ‘సూపర్‌మ్యాన్’ ఈ వీరులను పెద్ద బడ్జెట్‌తో, శ్రద్ధగా తీయవచ్చని నిరూపించింది. ఆ తర్వాత హాస్యనటుడిగా పేరున్న మైకేల్ కీటన్‌ను బ్యాట్‌మ్యాన్‌గా ఎంచుకున్నప్పుడు వేలాది నిరసన ఉత్తరాలు వార్నర్ స్టూడియోకు చేరాయి. 1989లో సినిమా విడుదలయ్యాక ఆ కీటన్‌నే చాలామంది అచ్చమైన బ్యాట్‌మ్యాన్‌గా స్వీకరించారు. తెరమీద చూడకముందే ఇచ్చిన తీర్పు ఎంత బలహీనమో చెప్పడానికి అభిమానులు ఈ ఉదాహరణను ఇప్పటికీ వాడుతుంటారు.

అన్నింటికంటే లోతైన చర్చకు కారణమైన సన్నివేశం మాత్రం 2013లో జాక్ స్నైడర్ తీసిన ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ చివర ఉంది. మెట్రోపొలిస్ నగరం సగం కూలిపోయాక, సూపర్‌మ్యాన్ పుట్టిన గ్రహానికే చెందిన సేనాని జాడ్ రైల్వేస్టేషన్‌లో గోడ మూలకు చిక్కిన ఒక కుటుంబం వైపు తన కంటి మంటలను అంగుళం అంగుళంగా జరుపుతుంటాడు. వెనుకనుంచి అతని మెడను చేతుల్లో బిగించి పట్టుకున్న సూపర్‌మ్యాన్ ఆపమని బతిమాలతాడు, జాడ్ వినడు, మరుక్షణం మెడ విరుగుతుంది. తర్వాత ఆ పాత్రధారి హెన్రీ కావిల్ మోకాళ్ల మీద కూలబడి పెట్టే కేక ఆ సినిమాలోకెల్లా నిజాయితీగల క్షణమని ఒక వర్గం అంటే, ఆ కేక వేయవలసిన స్థితికి సూపర్‌మ్యాన్‌ను తీసుకురావడమే పాత్రకు ద్రోహమని మరో వర్గం అంటుంది. సూపర్‌మ్యాన్ కథలు రాసి పేరు తెచ్చుకున్న మార్క్ వెయిడ్ బహిరంగంగానే రెండో పక్షాన నిలిచాడు.

ఈ వాదంలో బయటికి వచ్చిన ఆధారాలు చూడదగ్గవి. స్నైడర్‌ను సమర్థించేవారు 1980 నాటి ‘సూపర్‌మ్యాన్ 2’ను ముందుకు తెచ్చారు, ఎందుకంటే అందులో శక్తులు పోయిన జాడ్‌ను సూపర్‌మ్యాన్ మంచు అగాధంలోకి విసిరేస్తాడు, దానికి ఎవరూ కన్నీరు పెట్టలేదు. 1988లో జాన్ బర్న్ రాసిన ఒక కథలో సూపర్‌మ్యాన్ ముగ్గురు నేరస్థులకు మరణశిక్ష విధించిన సంగతి కూడా గుర్తుచేశారు. ఎదుటి పక్షం ఆ కథను కాదనలేదు. ఆ హత్య భారం మోయలేక ఆ సూపర్‌మ్యాన్ మానసికంగా చితికిపోయి, భూమినే వదిలి అంతరిక్షంలోకి వెళ్లిపోయాడనీ, స్నైడర్ సినిమా మాత్రం కేక తర్వాత కొద్ది నిమిషాలకే చిరునవ్వుతో ముగిసిందనీ బదులిచ్చింది. ఈ బదులు చాలా బలమైనది. పూర్వం జరిగిందా లేదా అన్న లెక్క నుంచి, జరిగినదానికి కథ ఏ మూల్యం చెల్లించిందన్న విచారణకు అది వాదాన్ని మళ్లించింది, అంటే పాత్ర గురించిన ప్రశ్నను సినిమా నిర్మాణం గురించిన ప్రశ్నగా మార్చింది.

తెలుగు ప్రేక్షకులకు ఈ తేడా తెలియనిది కాదు. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేకపోయినా 1957 నాటి ‘మాయాబజార్’ను తప్పుపట్టినవారు లేరు, ఎందుకంటే సంఘటన కొత్తదైనా అందులోని కృష్ణుడు కృష్ణుడిలాగే ప్రవర్తించాడు. అమెరికన్ వీరుల విషయంలో మాత్రం మన ప్రేక్షకుల స్థితి వేరు. 1980లో ఎన్టీ రామారావు ‘సూపర్‌మ్యాన్’ పేరుతో నటించిన సినిమా వచ్చినా, 2018లో మార్వెల్ ప్రతినాయకుడు థానోస్ పాత్రకు రానా దగ్గుబాటి తెలుగు గొంతు ఇచ్చినా, ఇక్కడ చాలామందికి ఆ వీరులు సినిమాల ద్వారానే పరిచయం, కామిక్స్ ద్వారా కాదు. అందువల్ల పాత్ర మారిందన్న ఫిర్యాదు ఇక్కడ అంతగా వినబడదు. కథ పట్టు తప్పిందా, గ్రాఫిక్స్ తేలిపోయాయా అన్నవే ముందుకు వస్తాయి.

2016లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’తో వాదంలోకి అంకెలు జొరబడ్డాయి. తొలి వారాంతంలో అమెరికా, కెనడాలలో 16.6 కోట్ల డాలర్లు రాబట్టిన ఆ సినిమా రెండో వారాంతానికి దాదాపు 69 శాతం పడిపోయింది. సమీక్షలను లెక్కగట్టే రాటెన్ టొమాటోస్‌లో దానికి 30 శాతం కూడా రాలేదు. ఆ శాతం మార్కుల సగటు కాదు. ఎంతమంది సమీక్షకులు సినిమాను మెచ్చారన్నదే దాని లెక్క, కాబట్టి పదికి ఆరు ఇచ్చినవాడు, పదికి పది ఇచ్చినవాడు అక్కడ సమానులే. ఎవరినీ నొప్పించని నడిమితరం సినిమాకు 90 శాతం రావచ్చు, కొందరిని ఉర్రూతలూగించి కొందరిని విసిగించిన సాహసోపేతమైన సినిమా సగం దగ్గరే ఆగిపోవచ్చు. 1979 నుంచి పనిచేస్తున్న సినిమాస్కోర్ సంస్థ పద్ధతి వేరు. తొలిరోజు చూసి బయటికి వస్తున్నవారి చేత కార్డులు నింపించి ఎ ప్లస్ నుంచి ఎఫ్ వరకు గ్రేడు ఇస్తుంది. ఇష్టపడి తొలిరోజే వచ్చినవారు ఇచ్చే గ్రేడు కాబట్టి ‘బి’ కూడా చేదుగుర్తే, ఈ సినిమాకు దక్కింది అదే. ఈ రెండు అంకెలూ స్టూడియోకు పనికొచ్చే సమాచారమే గాని, బ్యాట్‌మ్యాన్ తన తల్లి పేరే సూపర్‌మ్యాన్ తల్లికీ ఉందని తెలిసి ఎత్తిన ఈటెను దించడం గొప్ప నాటకీయ మలుపా, అతుకుల బొంతా అన్న అసలు తగవుకు అవి జవాబు చెప్పవు. అయినా అభిమానులు ఆ అంకెలనే గెలుపోటములుగా పట్టుకున్నారు. అదే ఏడాది ‘సూసైడ్ స్క్వాడ్’కు తక్కువ శాతం రాగానే రాటెన్ టొమాటోస్‌నే మూసేయాలని వేలమంది సంతకాలు చేశారు, ఆ సినిమా తీసిన వార్నర్‌కే ఆ వేదికను నడిపే సంస్థలో వాటా ఉందన్నది చాలామంది గమనించలేదు. 2019లో ‘కెప్టెన్ మార్వెల్’ విడుదల కాకముందే దానిమీద ఉద్దేశపూర్వకంగా వ్యతిరేకత కుమ్మరించడంతో, విడుదలకు ముందు ప్రేక్షకుల ఆసక్తిని శాతంగా చూపడాన్ని ఆ వేదిక మానుకుంది.

ఈ మొత్తం చరిత్రలో, ఈ వీరులందరూ ఒక జట్టుగా కనిపించే ‘జస్టిస్ లీగ్’ సినిమా ఉదంతం సినిమా విద్యార్థులు పాఠంగా చదవవలసినంత విలువైనది, ఎందుకంటే ఒకే కథ, అదే నటవర్గం, చాలావరకు ఒకేసారి చేసిన చిత్రీకరణ రెండు వేర్వేరు సినిమాలుగా జనం ముందుకు రావడం అరుదు. 2017లో కూతురు మరణించిన దుఃఖంలో స్నైడర్ తప్పుకోగా, జాస్ వీడన్ చాలా సన్నివేశాలను మళ్లీ తీసి రెండు గంటల సినిమాగా ముగించాడు. ఆ రీషూట్ల సమయానికి వేరే సినిమా కోసం మీసం పెంచి ఉన్న కావిల్ దానిని తీయడానికి వీల్లేకపోవడంతో కంప్యూటర్‌తో చెరిపేశారు; సినిమా మొదటి దృశ్యంలోనే సూపర్‌మ్యాన్ పైపెదవి బిగుసుకుపోయి, మాటకు పెదవులకు పొంతన కుదరకుండా కనిపిస్తుంది. స్నైడర్ కూర్పును విడుదల చేయాలని అభిమానులు రెండేళ్లకు పైగా ఉద్యమించారు, ఆయన కూతురి స్మృతిలో ఆత్మహత్యల నివారణకు కృషి చేసే సంస్థకు లక్షల డాలర్ల విరాళాలు పోగుచేశారు, చివరికి 2021 మార్చిలో 242 నిమిషాల సినిమా హెచ్‌బీవో మ్యాక్స్‌లో విడుదలైంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా నిడివిలో మాత్రమే లేదు. జట్టులో సగం యంత్రమైన వీరుడు సైబోర్గ్ పాత్ర 2017 సినిమాలో యంత్రాలతో మాట్లాడే సహాయకుడు మాత్రమే. 2021 సినిమాలో అతనికి ఫుట్‌బాల్ మైదానం, తల్లిని పోగొట్టుకున్న ప్రమాదం, ప్రాణాలిచ్చే తండ్రి, కష్టాల్లో ఉన్న ఒక తల్లి బ్యాంకు ఖాతాలోకి గుట్టుగా డబ్బు చేర్చే జాలిగుండె ఉన్నాయి, దాంతో కథకు ఇరుసు దొరికింది. ముగింపులో మొదటి సినిమా మెరుపువేగపు వీరుడు ఫ్లాష్ చేత ఒక కుటుంబాన్ని వాహనంతో సహా తోయిస్తే, రెండోది అంతా ఓడిపోయాక అతను కాంతిని మించిన వేగంతో పరుగెత్తి కాలాన్ని వెనక్కి తిప్పడం చూపింది. ఈ రెండో సన్నివేశం, 2022 ఆస్కార్ వేడుకలో అభిమానుల ఓట్లతో ఎంచిన సంబరపు ఘట్టాలలో మొదటి స్థానం పొందింది. స్లోమోషన్ మోతాదు మించడం, కథ ముగిశాక కూడా ముగింపులు వరుసకట్టడం రెండో సినిమాలోని తప్పులే, వాటిని ఒప్పుకోని అభిమాని తన పక్షానికి మేలు చేయడు. ఏమైనా, కత్తిరింపుల వల్ల సినిమా చెడిందన్న అభిమానుల అనుమానం ఈ ఒక్క సందర్భంలో సాక్ష్యంతో సహా రుజువైంది. ఉద్యమంలో పాల్గొన్న ఖాతాలలో కనీసం 13 శాతం నకిలీవని వార్నర్ సంస్థ చేయించిన పరిశీలనలో తేలినట్టు 2022లో రోలింగ్ స్టోన్ పత్రిక బయటపెట్టింది. స్టూడియో ఉద్యోగులపై సాగిన వేధింపులు కూడా నిజమే. సినిమా మెరుగైందన్న మాటకు అవి జవాబు కావు గాని, ఉద్యమాన్ని మచ్చలేనిదిగా చూపేవారు దాచకూడని సంగతులు.

గ్రాఫిక్స్ విషయంలో అభిమానుల కన్ను సాధారణంగా తప్పదు, వారి కోపం మాత్రం తరచు తప్పు గుమ్మం తడుతుంది. పేలవమైన దృశ్యాన్ని చూసి కళాకారులను తిడతారు గాని, ఆఖరి వారాల దాకా సన్నివేశాలు మారుస్తూ, గడువు మాత్రం మార్చని నిర్మాణ పద్ధతే ఎక్కువసార్లు దానికి మూలం. మార్వెల్ స్టూడియోస్‌లోని విజువల్ ఎఫెక్ట్స్ సిబ్బంది 2023 సెప్టెంబరులో ఏకగ్రీవంగా ఓటు వేసి యూనియన్‌లో చేరడం ఈ పరిస్థితుల పర్యవసానమే.

2025 జులైలో జేమ్స్ గన్ కొత్త ‘సూపర్‌మ్యాన్’ వచ్చింది. అందులో డేవిడ్ కోరెన్‌స్వెట్ సూపర్‌మ్యాన్‌గా మహాకాయ మృగంతో పోరాడుతూనే, ఆ పోరులో నలిగిపోబోతున్న ఒక ఉడుతను ఎత్తుకుని పక్కకు తెస్తాడు. పన్నెండేళ్ల కిందటి మెట్రోపొలిస్ విధ్వంసానికి ఇది సూటి సమాధానమని చాలామంది సంతోషించారు. అదే సినిమాలో సూపర్‌మ్యాన్ కన్నవారు అతన్ని పంపింది భూమిని కాపాడడానికి కాదు, ఏలడానికని వారు పంపిన సందేశపు రెండో భాగంలో వినిపించడం మాత్రం కొత్త కలతకు దారితీసింది. అది శత్రువు కల్పించిన దొంగ సందేశమై ఉంటుందని కొందరు అభిమానులు ఆధారాలు కూడబెట్టగా, సందేశం నిజమైనదేనని దర్శకుడు స్పష్టం చేశాడు. కన్నవారి ఆజ్ఞను కాదని పెంచినవారి మంచితనాన్ని ఎంచుకున్నందువల్ల ఈ సూపర్‌మ్యాన్ మరింత గొప్పవాడయ్యాడని ఒక పక్షం, ఆశతో బిడ్డను నక్షత్రాల దారిన పంపిన తల్లిదండ్రులను దురాక్రమణదారులుగా చిత్రించడంతో 1938 నుంచి వస్తున్న కథ వేరునే పెకలించారని మరో పక్షం వాదించుకుంటున్నాయి.