సరిహద్దు ఊరిలో పుట్టిన కీర్తనలు

సాలూరు, జయపురము ప్రాంతముల సంఘములలో పెద్దవారికి బ్రెక్లుమ్ మిషను పేరు తెలియనిది కాదు. క్రిస్టియన్ యెన్సెన్ అనే పాదిరిగారు 1876లో స్థాపించిన ఆ మిషనే అక్కడికి సేవకులను పంపింది. బ్రెక్లుమ్ ఒక పల్లె. అది ఉన్న సీమ పేరు ష్లెస్విగ్. డెన్మార్కుకు జర్మనీకి నడుమనున్న ఆ నేల మాదంటే మాదని రెండు జాతులవారు తరతరాలు కొట్లాడుకున్నారు. ఆ కొట్లాటలో తుపాకులకంటె ముందు పాటలు వచ్చాయి.

1844 జూలై 24న ష్లెస్విగ్ పట్టణములో గాయకుల పండుగ జరిగింది. ఒక మఠములో కీర్తనలు నడిపించే బెల్మన్ రాగము కట్టగా, కెమ్నిట్స్ అనే వకీలు మాటలు వ్రాసిన జర్మను పాట ఆ రోజు మొదటిసారి వినిపించింది. ష్లెస్విగ్, హోల్‌స్టైన్ సీమలు కలిసే ఉండాలన్నది దాని సారాంశము. నాలుగేండ్లకు యుద్ధము వచ్చింది. అవతల డేనిష్ సిపాయిలకు పీటర్ ఫాబెర్ పాట వ్రాశాడు, హోర్నెమన్ రాగము కట్టాడు. విచిత్రమేమంటే, ఇంచుమించు ఆ రోజుల్లోనే ఈ ఇద్దరూ కలిసి పిల్లల కోసము క్రిస్మసు చెట్టు పాట కూడ చేశారు. యాకోబు పత్రికలో నాలుకను గూర్చి చదివినప్పుడెల్ల వీరు మాకు జ్ఞాపకము వస్తారు.

అయితే మేము చెప్పదలచిన మనిషి వీరికి నూరేండ్ల ముందువాడు. ఆయన పేరు హాన్స్ అడాల్ఫ్ బ్రోర్సన్. 1694లో రాండెరుప్ పల్లెలో పాదిరిగారి ఇంట పుట్టారు. పదేండ్లకే తండ్రి పోయినా అన్నదమ్ములు ముగ్గురూ పాదిరులే అయ్యారు. 1729లో బ్రోర్సన్‌గారిని టోండర్ పట్టణమునకు డేనిష్ ప్రసంగీకునిగా పిలిచారు.

అక్కడ ఆయనకొక చిక్కు ఎదురైంది. టోండర్‌లో పెద్దవారి భాష జర్మను. ప్రసంగము డేనిష్‌లో చేసినా, ముందూ వెనుకా సంఘము పాడేది జర్మను కీర్తనలే! వాక్యము ఇంటి భాషలో, స్తుతి పరాయి భాషలో. (మన క్రిస్మసు ఆరాధనలో ఇంగ్లీషు పాట జోరుగా పాడిన కుర్రవాళ్లను అర్థమేమిటని మేమొకసారి అడిగాము. ఒకరి ముఖము ఒకరు చూసుకున్నారు.)

బ్రోర్సన్‌గారు దీనిమీద తగవు పెట్టుకోలేదు. కలము పట్టారు. 1732 క్రిస్మసుకు చిన్న డేనిష్ కీర్తనల పుస్తకము టోండర్‌లోనే అచ్చయింది. క్రీస్తును ముండ్ల నడుమ దొరికిన రోజాపువ్వుగా చెప్పే కీర్తన అందులోనిదే. 1739లో ఆయన కీర్తనలన్నీ పెద్ద సంపుటముగా వచ్చాయి. వాటిలో ఎక్కువభాగము జర్మను కీర్తనలకు అనువాదములు. 1706లో తరంగంబాడికి వచ్చిన జీగెన్‌బాల్గు చదువుకున్న హాలే పట్టణపు భక్తి ఉజ్జీవమే ఆ కీర్తనలకు ఊట. ఆయన్ను టోండర్‌కు పిలిపించిన స్నేహితుడు ష్రాడర్ జర్మను పాదిరి, తానే 1731లో జర్మను కీర్తనల పుస్తకము అచ్చువేయించినవాడు. ఒకే దేవాలయము, రెండు భాషలు, ఇద్దరు కవులు. వారి మధ్య వైరము లేదు.

1741లో ఆయన రీబె పట్టణమునకు బిషప్పు అయ్యారు. ఆ యేడే కాన్పులో భార్య చనిపోయింది. 1764లో ఆయన కన్నుమూసిన తరువాత, చివరి కాలపు కీర్తనలు వెలుగు చూశాయి. ప్రకటన గ్రంథములోని తెల్లని వస్త్రముల సమూహమును గూర్చిన కీర్తన వాటిలో ఉంది. దానిని నార్వే సంగీతకారుడు గ్రీగ్ పురుషుల గాయక బృందమునకు అమర్చాడు.

1864లో డెన్మార్కు ఓడింది, ష్లెస్విగ్ చేజారింది. 1888లో జర్మను ప్రభుత్వము ఉత్తర ష్లెస్విగ్ బడులలో డేనిష్‌ను తీసివేసి, వారానికి నాలుగు గంటల మతబోధకు మాత్రము ఉండనిచ్చింది. కొన్ని డేనిష్ పాటలను నిషేధించారు. పిల్లలకు ఇక బడిలో తల్లి భాష దొరికింది బైబిలు పాఠములోనే.

1920 ఫిబ్రవరి 10న ప్రజల ఓటు తీసుకున్నారు. ఉత్తర భాగములో నూటికి 75 వంతులు డెన్మార్కును కోరాయి. కాని బ్రోర్సన్‌గారు సేవ చేసిన టోండర్ పట్టణములో అధిక సంఖ్యాకులు జర్మనీకే వేశారు! లెక్క మొత్తముమీద గనుక వారు డెన్మార్కులో కలిసిపోయారు. ఆ నొప్పి త్వరగా మానలేదు. 1955లో రెండు ప్రభుత్వములు అటు ఇటు మిగిలినవారి భాషకు మాట ఇచ్చాయి.

నేడు టోండర్‌లో డేనిష్ సంఘము లోపలే జర్మను పాదిరిగారు కూడ ఉన్నారు. సరిహద్దుకు దక్షిణాన జర్మనీలో డేనిష్ ఆరాధనలు జరుగుతున్నాయి, అక్కడా క్రిస్మసుకు ఆ రోజాపువ్వు కీర్తన పాడుతారు.