తెర మీద నిజమెంత?

మొన్న వేసవి సెలవులకు మా మనవరాలు వచ్చింది. అయిదో తరగతి చదువుతున్నది. ఒకనాటి రాత్రి భోజనాలయిన తరవాత ఇద్దరం కూచుని, ఇంగ్లండువారు తీసిన జంతువుల చిత్రం టెలివిజన్‌లో చూస్తున్నాం. తెర నిండా మంచు. ఆ మంచులో తెల్లని ధ్రువపు ఎలుగుబంటి ఒకటి నడిచి వస్తున్నది. అది అడుగు వేసినప్పుడల్లా కరకరమని మంచు నలిగిన చప్పుడు వినిపిస్తున్నది.

మా మనవరాలు కాసేపు చూసి, "తాతయ్యా, ఆ ఎలుగుబంటి దగ్గరికి ఎవరూ పోలేరు గదా! మరి దాని అడుగుల చప్పుడు మనకెలా వినిపిస్తోంది?" అని అడిగింది.

ముప్ఫై అయిదేళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. అయినా ఇంత మంచి ప్రశ్న నాకు తరచు ఎదురు కాలేదు. దానికి జవాబు చెప్పబోతే మాట చాలా దూరం పోయింది. ఆ సంగతులే మీకూ చెబుతాను.

ధ్రువపు ఎలుగుబంటిని చాలా దూరం నుంచి తీస్తారు. కెమెరాకు దుర్భిణివంటి పొడుగుపాటి కటకం ఉంటుంది. అది బొమ్మను దగ్గరికి తెస్తుంది. కాని చప్పుడును అట్లా దగ్గరికి లాగే కటకం లేదు. పైగా అక్కడ ఒకటే గాలి హోరు. అందుచేత బొమ్మ తీసి తెచ్చిన తరవాత, ఒక గదిలో కూచుని అడుగుల చప్పుడు వేరే తయారుచేసి కలుపుతారు. ఈ పని చేసేవారిని ఫోలీ కళాకారులు అంటారు. వెనకటి రోజులలో జాక్ ఫోలీ అనే అమెరికా దేశస్థుడు సినిమాలకు ఇట్లా చప్పుళ్లు చేసి పెట్టేవాడు. ఆయన పేరే ఆ విద్యకు నిలిచిపోయింది.

మంచు మీద అడుగుల చప్పుడు కావాలంటే, వారు గుడ్డసంచిలో మెత్తని మొక్కజొన్న పిండి పోసి, తెర మీద ఎలుగుబంటి కాలు పడే వేళకు సరిగ్గా దాన్ని నొక్కుతారు. మీరూ చేసి చూడవచ్చు. వంటింట్లో కార్న్‌ఫ్లోర్ ఉంటే అమ్మనడిగి గుప్పెడు తీసుకుని, గుడ్డలో మూట కట్టి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కండి. పిండి రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని కరకరమంటాయి. కళ్లు మూసుకుంటే మంచులో నడిచినట్లే ఉంటుంది!

ఇట్లా టెలివిజన్ చిత్రంలో బొమ్మ వేరు, చప్పుళ్లూ సంగీతమూ వేరు, వివరించి చెప్పే మాట వేరు. మూడింటినీ విడివిడిగా ఉంచుకుని చివరకు కలుపుతారు. దీనివల్ల ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. చిత్రం వేరే దేశానికి పోయినప్పుడు మాట ఒక్కటీ తీసివేసి, ఆ దేశపు భాషలో ఇంకొక మాట పెట్టవచ్చు. ఎలుగుబంటి నడక అదే, సంగీతం అదే, మాట మాత్రం మనది. మన ఇళ్లలో డిస్కవరీ చానెల్‌లో జంతువుల చిత్రాలు తెలుగు మాటలతో రావడం మీరు ఎరుగుదురు. అవి ఇట్లా తయారయినవే.

ఇంగ్లండువారి చిత్రాలకూ నాటకాలకూ పై దేశాలలో అభిమానులు చాలామంది ఉన్నారు. అక్కడి టెలివిజన్ సంస్థలలో పాతది బి.బి.సి. దాని ఖర్చు చాలావరకు ఆ దేశపు ప్రజలే భరిస్తారు. టెలివిజన్ చూసే ఇల్లు ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. 2025లో ఆ రుసుము 174న్నర పౌండ్లు. 1955లో మొదలయిన ఐ.టి.వి. ప్రకటనల డబ్బుతో నడుస్తున్నది. వీరి నాటకాలను ప్రతి వారం చూపడానికి అమెరికాలో 1971లో 'మాస్టర్‌పీస్ థియేటర్' అని ఒక కార్యక్రమమే ఏర్పడింది. 2017లో ఈ రెండు సంస్థలూ కలిసి అమెరికాలో 'బ్రిట్‌బాక్స్' అనేది తెరిచి, తమ కార్యక్రమాలను ఇంటర్నెట్ ద్వారా అందించసాగాయి.

ఇంటర్నెట్ రాకముందు ఇంత సులువు లేదు. ఆ రోజుల వింత ఒకటి చెబుతాను, వినండి.

1963 నవంబరు 23న బి.బి.సి. 'డాక్టర్ హూ' అనే నాటకం ప్రారంభించింది. కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణం చేసే ఒక వింత మనిషి కథ అది. ఆయన వాహనం బయటికి నీలిరంగు పోలీసు పెట్టెలాగా ఉంటుంది. లోపలికి పోతే భవనమంత! పిల్లలూ పెద్దలూ దాన్ని విరగబడి చూశారు. కాని ఆ కాలంలో టేపు చాలా ఖరీదు. అందుచేత ఒకసారి చూపిన నాటకాన్ని, పలక తుడిచి మళ్లీ రాసుకున్నట్లు, తుడిచివేసి ఆ టేపు మీదనే ఇంకొకటి ఎక్కించేవారు. ముందు ముందు ఎవరికయినా అది కావలసి వస్తుందని వారికి తోచలేదు.

అయితే తుడిచే ముందు, తెర ఎదుట ఫిలిం కెమెరా పెట్టి నకళ్లు తీసి విదేశాలకు అమ్మేవారు. ఆ ఫిలిం చుట్టలు డబ్బాలలో ఒక దేశం నుంచి మరొక దేశానికి పోతూ ఉండేవి. ఏళ్లు గడిచాక చూసుకుంటే ఇంగ్లండులో 'డాక్టర్ హూ' భాగాలు ఎన్నో లేవు. వాటి కోసం అభిమానులు లోకమంతా గాలించసాగారు. ఫిలిప్ మోరిస్ అనే ఆయన అట్లా వెతుకుతూ పోగా, ఆఫ్రికాలోని నైజీరియా దేశంలో, జోస్ అనే పట్టణపు టెలివిజన్ కేంద్రంలో పాత డబ్బాలు కనిపించాయి. అందులో పోయినవనుకున్న భాగాలు 9 ఉన్నాయి! ఈ సంగతి 2013 అక్టోబరులో వెల్లడి అయింది. అంతకు ముందు లేనివి 106. ఆ 9 పోగా 97 మిగిలాయి. కన్నవారి ఇంట చెరిపేసినది పరాయి ఊళ్లో భద్రంగా ఉన్నదన్నమాట.

ఇదంతా విని మా మనవరాలు సంతోషించింది గాని, దాని మనసులో మొదటి సందేహం పోలేదు. "తాతయ్యా, ఆ చప్పుడు పిండితో చేసిందయితే, ఎలుగుబంటి కథంతా ఉత్తిదేనా?" అన్నది.

ఇది మొదటి ప్రశ్న కంటె మంచి ప్రశ్న. దీనికి అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ఉదాహరణలు చూడండి.

2016లో బి.బి.సి. 'ప్లానెట్ ఎర్త్ 2' అనే చిత్రాలు చూపింది. గెలపాగోస్ దీవులలో ఇగువానా అనే, మన ఉడుమువంటి జంతువు ఉన్నది. దాని పిల్ల ఇసుకలోనుంచి అప్పుడే బయటికి వచ్చింది. రాళ్ల సందులలోనుంచి పాములు పదుల సంఖ్యలో దాని వెంట పడ్డాయి. పిల్ల పాముల చుట్టల్లో చిక్కి, విడిపించుకుని, ప్రాణం అరచేత పెట్టుకుని పరుగెత్తింది. చూసేవారు ఊపిరి బిగబట్టారు. తరవాత దాన్ని తీసిన నిర్మాతే ఒక సభలో, అది ఒక్క ఇగువానా పరుగు కాదనీ, వేరే ఇగువానాను తీసిన ముక్కలు కూడా అందులో చేర్చామనీ చెప్పింది. పాములు నిజం, పరుగు నిజం. వాటిని ఒక కథగా కూర్చినది మాత్రం మనిషి.

అంతకు ముందు 2011లో, 'ఫ్రోజన్ ప్లానెట్' అనే చిత్రాలలో ధ్రువపు ఎలుగుబంటి మంచుగుహలో పిల్లలను కన్న దృశ్యం చూపారు. ఆ దృశ్యం ధ్రువప్రాంతంలో తీసినది కాదు. ఐరోపాలోని ఒక జంతు ప్రదర్శనశాలలో తీసినది. ఈ సంగతిని బి.బి.సి. తన ఇంటర్నెట్ పుటలో చెప్పింది గాని, తెర మీద చెప్పలేదు. పత్రికలు దాన్ని పట్టుకుని అడిగాయి. ఆ చిత్రాలకు మాట చెప్పిన డేవిడ్ అటెన్‌బరో, నిజమైన గుహలో కెమెరా పెడితే తల్లి బెదిరి పిల్లనయినా చంపుతుంది, కెమెరా మనిషినయినా చంపుతుంది అని సమాధానమిచ్చాడు. ఆయన 1926లో పుట్టినవాడు, 1979లో 'లైఫ్ ఆన్ ఎర్త్' అనే 13 భాగాల చిత్రంతో లోకప్రసిద్ధుడైనవాడు. ఆయన చెప్పినది సబబే. నా మటుకు నాకు, ఆ దృశ్యం అక్కడ తీయడం తప్పుగా తోచదు. కాని ఎక్కడ తీశారో తెర మీదనే ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎవరికీ అడిగే పని ఉండేది కాదు. పరీక్షలో లెక్క జవాబు ఒక్కటే రాస్తే చాలదనీ, లెక్క ఎట్లా చేశావో కూడా రాయమనీ మేము మీకు చెప్పేది ఇందుకే.

ఇక నాటకాల సంగతి. 2025 మార్చిలో ఇంగ్లండులో తీసిన 'అడోలసెన్స్' అనే నాలుగు భాగాల నాటకం నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఒకే రోజున లోకమంతటా విడుదలయింది. అందులో ఒక్కొక్క భాగాన్ని మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆపకుండా ఒకే బిగిని తీశారు. కెమెరాను ఒకరి చేతిలోనుంచి ఒకరు అందుకుంటూ నటుల వెంట తిరిగారు. ఒకచోట దాన్ని డ్రోనుకు తగిలించి ఊరి మీదుగా ఎగరనిచ్చారు. ముక్క కోయలేదు, ముక్క అతకలేదు. అయినా అది కల్పించిన కథ! అతుకు ఉన్నంత మాత్రాన అబద్ధం కాదు, అతుకు లేనంత మాత్రాన నిజం కాదు. ఇక్కడ పెద్దలకు ఒక మాట. ఇది హత్యానేరం మీద అరెస్టయిన 13 ఏళ్ల కుర్రవాడి కథ, చిన్నపిల్లలు చూడదగినది కాదు. అయినా తలుపు వేసుకున్న గదిలో ఇంటర్నెట్ తమ బిడ్డకు ఏం నేర్పుతున్నదో తెలియని తల్లిదండ్రులు దాన్ని ముందు తాము చూడడం మంచిది. ఇంగ్లండులో ఉన్నత పాఠశాలలకు దీన్ని ఉచితంగా అందించారు.

నాటకంలోనే గొప్ప నిజం ఉండడం కూడా కద్దు. దానికి దృష్టాంతం ఒక పోస్టాఫీసు కథ.

ఇంగ్లండు పల్లెలలో చిన్న దుకాణాలు నడిపేవారే, మన బ్రాంచి పోస్టుమాస్టర్లలాగా, పోస్టాఫీసు పని కూడా చూస్తారు. 1999 నుంచి వారికి 'హొరైజన్' అనే కంప్యూటరు లెక్క ఇచ్చారు. సాయంత్రం లెక్క చూసుకుంటే పెట్టెలో ఉండవలసిన డబ్బు కంటె తక్కువ ఉన్నట్లు అది చూపేది. జో హామిల్టన్ అనే ఆమె 2,000 పౌండ్ల లోటు చూసి, సహాయం కోసం ఫోను చేసి, వారు చెప్పినట్లే మీటలు నొక్కింది. ఆమె కళ్లముందే లోటు రెండింతలయింది! తప్పు కంప్యూటరుది. కాని పోస్టాఫీసు వారు యంత్రాన్ని నమ్మారు, మనిషిని నమ్మలేదు. చాలామందితో, "ఇట్లా అయింది నీకొక్కడికే" అన్నారు. 2015 దాకా 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కలు అనే నేరాల కింద శిక్ష పడింది. కొందరు జైలుకు పోయారు. కొందరు ఇళ్లు అమ్ముకున్నారు. నిర్దోషులని తేలకముందే కొందరు చనిపోయారు. జో హామిల్టన్ ఊరివారు మాత్రం ఆమె దొంగ కాదని నమ్మి, డబ్బు పోగుచేసి ఆదుకున్నారు.

వేల్సులో అలన్ బేట్స్ అనే పోస్టుమాస్టరు, తాను చేయని లోటు తాను కట్టనన్నాడు. 2003లో ఆయన పోస్టాఫీసు పోయింది. ఆయన ఊరుకోక, తనవంటివారి కోసం వెతికి, 2009లో ఒక పల్లెటూరి సమావేశ మందిరంలో అందరినీ చేర్చాడు. అప్పుడు తెలిసింది, ఒక్కరికి కాదు, అందరికీ ఇట్లాగే అయిందని! 555 మంది కలిసి కోర్టుకు వెళ్లి 2019లో గెలిచారు. అయినా దేశంలో చాలామందికి ఈ అన్యాయం మనసుకు పట్టలేదు. శిక్షలు చాలావరకు అట్లాగే ఉన్నాయి.

2024 జనవరి 1 నుంచి నాలుగు రాత్రులు ఐ.టి.వి. ఈ కథను 'మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్టాఫీస్' అనే నాటకంగా చూపింది. బేట్స్ వేషం టోబీ జోన్స్ వేశాడు. ఇళ్లలో వారు ఆడుకున్న మాటలన్నీ ఎవరూ రాసిపెట్టలేదు గదా, ఆ మాటలు రచయిత్రి గ్వినెత్ హ్యూస్ కూర్చింది. అయినా కష్టం నిజం. కోటిమందికి పైగా చూశారు. దేశమంతా కదిలింది. ఆ మే నెలలోనే పార్లమెంటు ఒక చట్టం చేసి ఆ శిక్షలను ఒక్కసారిగా రద్దు చేసింది. స్కాట్లండు తన చట్టం తాను చేసుకున్నది. బేట్స్‌కు సర్ బిరుదు వచ్చింది. అదే ఏడు అమెరికాలో కూడా ఆ నాటకం చూపారు. ఏళ్ల తరబడి పత్రికలు రాసినదీ, కోర్టు చెప్పినదీ చాలామందికి ఆ నాలుగు రాత్రులలో తెలిసివచ్చింది.

అందుచేత పిల్లలూ, తెర మీద ఏది చూసినా, "ఇందులో చూసినదెంత, కూర్చినదెంత?" అని అడగండి. చివర పేర్లు వచ్చేటప్పుడు లేచిపోకండి. చిత్రం ఎట్లా తీశారో చాలాసార్లు అక్కడే చూపుతారు. అడిగినందువల్ల చూసే సంతోషం తగ్గదు.

ఇవన్నీ చెప్పాక మా మనవరాలు ఏమీ అనకుండా పోయి పడుకున్నది. మర్నాడు ఉదయం నేను పత్రిక చదువుకుంటూ ఉండగా నా కుర్చీ వెనక కరకరమని అడుగుల చప్పుడు వినిపించింది. ఉలిక్కిపడి తిరిగి చూశాను. ఎలుగుబంటి లేదు. చేతిలో గుడ్డమూట, ముక్కు మీద పిండి, నోటి నిండా నవ్వు!