రెండు దేశాల్లో ఒక చదువు

విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి డిగ్రీ కోర్సు నడపడానికి యూజీసీ 2022 మే నెలలో నిబంధనలు తెచ్చింది. ట్విన్నింగ్ పద్ధతిలో పట్టా మన సంస్థదే. 30 శాతం దాకా క్రెడిట్లు విదేశంలో సంపాదించుకోవచ్చు. జాయింట్ డిగ్రీలో రెండు సంస్థల చిహ్నాలతో ఒకే పట్టా వస్తుంది. ఒక్కోచోట కనీసం 30 శాతం చదవాలి. డ్యూయల్ డిగ్రీలో ఒకే సబ్జెక్టుకు రెండు సంస్థలూ వేర్వేరు పట్టాలు ఇస్తాయి. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకు ఇవేవీ వర్తించవు.

తెలుగునాట ఈ ఆలోచన అంతకన్నా పాతది. హైదరాబాద్ జేఎన్‌టీయూ స్వీడన్‌లోని బ్లెకింగె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీతో కలిసి బీటెక్, మాస్టర్స్ కలగలిసిన కోర్సు నడిపింది.

కోర్సు రూపకల్పనలో అసలు చిక్కు క్రెడిట్ల లెక్క దగ్గరే. మన బీటెక్‌కు సుమారు 160 క్రెడిట్లు, అంటే ఏడాదికి 40. ఐరోపాలో ఏడాదికి 60. ఒకటికి ఒకటిన్నర అని గుణించేస్తే సరిపోతుందనిపిస్తుంది, కానీ సరిపోదు. మన క్రెడిట్ 15 గంటల తరగతి పాఠాన్ని కొలుస్తుంది. వాళ్లది ఇంటి దగ్గర చదువుతో సహా విద్యార్థి పడే 25 నుంచి 30 గంటల శ్రమను కొలుస్తుంది. అందుకే మంచి ఒప్పందాలు అంకెలతో ఆగవు. సబ్జెక్టు పక్కన సబ్జెక్టు పెట్టి ఏది దేనికి సమానమో ముందే రాసుకుంటాయి. ఒకసారి పాసైన సబ్జెక్టును రెండో చోట మళ్లీ రాయించకూడదు. పది పాయింట్ల మన గ్రేడును అక్కడి గ్రేడుగా మార్చే పట్టిక కూడా మొదటి బ్యాచ్ చేరకముందే సిద్ధం కావాలి.

తర్వాతది క్యాలెండర్. స్వీడన్‌లో చదువుల ఏడాది ఆగస్టు చివర్లో మొదలవుతుంది. మన సెమిస్టర్ ఫలితాలు జులైలోనూ రాకపోతే మార్కుల మెమో లేక వీసా పని ఆగిపోతుంది. పరీక్షల విభాగం చురుగ్గా లేని చోట ఎంత గొప్ప సిలబస్ రాసినా దండగే.

ఉత్తరాంధ్రకు ఇంకో మెలిక ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది ఇంజనీరింగ్ చదివేది అనుబంధ కళాశాలల్లో. వారికి పట్టా ఇచ్చేది విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం. అక్కడ కళాశాల ఒక్కటే సంతకం పెడితే చెల్లదు, విశ్వవిద్యాలయమూ ఒప్పందంలో ఉండాలి. పైగా యూజీసీ అనుమతి కోసం ఆగకుండా ముందుకు వెళ్లాలంటే న్యాక్ గుర్తింపులో కనీసం 3.01 స్కోరో, ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల విశ్వవిద్యాలయాల జాబితాలో తొలి వందలో చోటో, ‘ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్’ హోదానో కావాలి. విదేశీ భాగస్వామి క్యూఎస్ లేదా టైమ్స్ ర్యాంకుల్లో తొలి వెయ్యిలో ఉండాలి. 2023లో న్యాక్ ఏ ప్లస్ ప్లస్ అందుకున్న విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి షరతు అడ్డే కాదు. కొత్తగా పుట్టిన విశ్వవిద్యాలయాలకు మాత్రం ఆ స్కోరే మొదటి మెట్టు.

డబ్బు చాలకో, ఆరోగ్యం బాగోకో మధ్యలో తిరిగొచ్చిన విద్యార్థి సంగతేమిటి? అప్పటిదాకా సంపాదించిన క్రెడిట్లను ఎలా లెక్కిస్తారో ముందే చెప్పాలని నిబంధనలు అంటున్నాయి. ఫీజు కూడా ముందే ప్రకటించాలి. కోర్సులో చేరేముందు తల్లిదండ్రులు బ్రోచర్ పక్కన పెట్టి ఈ రెండు సంగతులూ కాగితం మీద చూపించమని అడగాలి.