వేన్నీళ్ళకు విద్యుచ్ఛక్తి

ధనుర్మాసము వచ్చినదనిన గృహిణికి మొదటి చింత వేన్నీళ్ళు. మన అమ్మమ్మలు పెరటిపొయ్యిమీద కాగు పెట్టి, పుల్లలెగదోయుచు, పొగకు కన్నులు నులుముకొనుచు, ఇంటిల్లిపాదికిని నీళ్ళు కాచిరి. నేడు మీట నొక్కిన చాలును. అయినను ఏ సాధనము కొనవలెనన్న విషయమున పలువురు సోదరీమణులు తికమకపడుచున్నారు. అంగడివాని మాట నమ్ముటకంటె మనమే లెక్క చూచుకొనుట మేలని మా యభిప్రాయము.

20 లీటర్ల బకెట్టు నీటిని 20 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు కాచుటకు రమారమి అర యూనిట్టు విద్యుత్తు పట్టును. చౌకదైనను, ఖరీదైనదైనను, ఏ సాధనమునకును ఈ లెక్క పెద్దగా మారదు. భేదమంతయు పట్టు కాలములోను, పోవు వృథాలోను, అన్నిటికంటె ముఖ్యముగా అపాయములోను కలదు.

బకెట్టులో ముంచు హీటరురాడ్డు వెల స్వల్పము. 1500 వాట్ల రాడ్డుతో ఆ బకెట్టు కాగుటకు ఇంచుమించు 19 నిమిషములు పట్టును. కాని దానిపై తొడుగు చిట్లినచో విద్యుత్తు నీటిలోనికి దిగును; బకెట్టు ఇనుపదైనచో దానిని ముట్టుటయే ప్రాణాంతకము కావచ్చును. కాగినవో లేదో చూతమని నీటిలో వ్రేలు పెట్టు నలవాటు మనలో ఎందరికి లేదు? పసిబిడ్డలు తిరుగు నింట దీనిని మేము మెచ్చజాలము. తప్పనిసరియైనచో, రాడ్డును నీట ముంచిన పిమ్మటనే మీట వేయవలెను. మీట తీసి, ప్లగ్గు ఊడబెరికిన పిమ్మటనే నీటిని తాకవలెను.

ఇన్‌స్టెంటు గీజరు నీటిని ఎక్కువగా నిలువయుంచదు గావున అందు వృథా తక్కువ. కాని 3000 వాట్లదియైనను, 20 డిగ్రీలు వేడెక్కించి నిమిషమునకు రెండు లీటర్లకు మించి ఇంచుమించు ఈయజాలదు. వంటింటి అంట్లకు ఇది చాలును. తలంటిస్నానమునకు ఓపిక పట్టవలెను.

15 లీటర్ల నిలువ గీజరు 2000 వాట్లదైనచో 20 డిగ్రీల నీటిని 21 నిమిషములలో 60 డిగ్రీలకు తెచ్చును. అంతే చన్నీరు కలిపినచో 30 లీటర్ల స్నానపునీరు సిద్ధము. అయితే దినమంతయు మీట వేసియుంచినచో వేడి మెల్లగా జారిపోవుచుండును. గీజరు మరల మరల కాచుచుండును. నక్షత్రముల గుర్తు ఈ నష్టమునే తెలుపును: నక్షత్రములు హెచ్చినకొలది నష్టము తగ్గును.

నలుగురు వరుసగా స్నానము చేయు నింట నిలువ గీజరే తగినదని మా నిశ్చయము. స్నానమునకు అరగంట ముందు మీట వేసి, కాగగానే తీయవలెను. బిడ్డల బకెట్టులో మొదట చన్నీరు, తరువాత వేన్నీరు పోయవలెను. 60 డిగ్రీల నీరు లేతచర్మమును క్షణములలో కాల్చును.

ఏది కొన్నను 16 ఆంపియర్ల సాకెట్టు, సరియైన ఎర్తు తీగ, విద్యుత్తు కారినంతనే ప్రవాహము నాపు 30 మిల్లీఆంపియర్ల స్విచ్చి యుండవలెను. డబ్బు చాలనిచో గీజరు కొనుట వచ్చే యేటికి వాయిదా వేయవచ్చును గాని, ఎర్తు తీగను మాత్రము వాయిదా వేయరాదు. వేన్నీళ్ళు సుఖముకొరకు; ఆ సుఖమునకై ప్రాణమును పణము పెట్టుట గృహిణీధర్మము కాదు.