లాగ్‌బుక్ తెప్పించండి

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ దగ్గరి అసెంబ్లీ భవనంలో, ప్రెస్ గ్యాలరీలో కూర్చునే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. పోడియం చుట్టుముట్టడాలు, కాగితాలు చించి ఎగరేయడాలు, వాకౌట్లు, సభ్యులను మార్షల్స్ మోసుకుపోవడాలు చూశాను. వాటికి మర్నాడు మొదటి పేజీలో చోటు దొరికేది. ‘మంత్రిగారి మాటకు ఆధారమైన ఫైలు సభ ముందుంచండి’ అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చోకుండా నిలబడ్డ సభ్యుడి వార్త మాత్రం లోపలి పేజీకి పోయేది. నా గౌరవం ఎప్పుడూ ఆ రెండో రకం సభ్యుడికే. ఆ కోవలో నాకు తెలిసినవారిలో అందరికంటే పెద్దవాడు ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన అమెరికా సెనేటర్ వేన్ మోర్స్. వియత్నాంలో యుద్ధం చేసే అధికారాన్ని అధ్యక్షుడి చేతుల్లో పెట్టిన తీర్మానాన్ని 1964లో సెనేట్ మొత్తం మీద ఇద్దరే వ్యతిరేకించారు. ఆయన ఆ ఇద్దరిలో ఒకరు.

ఆ ఏడాది ఆగస్టు 2న ఉత్తర వియత్నాం ఒడ్డున, టాంకిన్ సింధుశాఖలో, మాడాక్స్ అనే అమెరికా యుద్ధనౌక మీదికి టార్పెడో పడవలు వచ్చాయి. కాల్పులు జరిగాయి. నౌకకు ఒక తూటా తగిలింది. ఆగస్టు 4 రాత్రి మాడాక్స్ మీదా, దానికి తోడుగా పంపిన టర్నర్ జాయ్ మీదా మళ్లీ దాడి జరిగిందని కబురొచ్చింది. వానా చీకటీ కలిసిన రాత్రి అది. కొన్ని గంటలకే నౌకల మీదున్న అధికారి కెప్టెన్ జాన్ హెరిక్ ఇంకో సందేశం పంపారు. వాతావరణం వల్ల రాడార్ పొరపాటుగా చూపి ఉండవచ్చు, సోనార్ వింటున్నవాళ్లు తొందరపడి ఉండవచ్చు, శత్రు పడవను కళ్లతో చూసినవారు లేరు, అన్నీ పరిశీలించాకే తర్వాతి అడుగు వేయండి అని. వాషింగ్టన్ ఆగలేదు. ఆ రాత్రి పొద్దుపోయాక అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టీవీలో కనిపించి ఉత్తర వియత్నాం మీద ప్రతీకార దాడులు మొదలయ్యాయని ప్రకటించారు. మర్నాడే తీర్మానం కాంగ్రెస్‌కు వచ్చింది. అమెరికా బలగాల మీద దాడులను తిప్పికొట్టడానికీ, ఇక ముందు దురాక్రమణ జరగకుండా చూడటానికీ అవసరమైన చర్యలన్నీ అధ్యక్షుడు తీసుకోవచ్చునన్నది దాని సారాంశం. నవంబరులో ఎన్నికలు. దేశం మీద దాడి జరిగిందంటున్న వేళ కాదనే సాహసం ఎవరు చేస్తారు?

మోర్స్‌కు పెంటగన్ లోపలి నుంచి ఒకరు ఫోన్ చేశారు. రక్షణ మంత్రి వచ్చినప్పుడు రెండు విషయాలు అడగమన్నారు. మాడాక్స్ నౌక లాగ్‌బుక్ ఎక్కడుంది? ఆ రోజుల్లో ఆ నౌక సరిగ్గా ఎక్కడ తిరుగుతోంది?

ఆగస్టు 6న విదేశీ వ్యవహారాల కమిటీ, సాయుధ బలగాల కమిటీ తలుపులు మూసుకుని ఉమ్మడిగా సమావేశమయ్యాయి. రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా వచ్చారు. దక్షిణ వియత్నాం పడవలు ఉత్తర వియత్నాం దీవుల మీద కాల్పులు జరిపాయట, మన నౌక అప్పుడు ఆ చుట్టుపక్కలే ఉందట, నిజమేనా అని మోర్స్ నిలదీశారు. మన నౌకాదళానికి అందులో పాత్ర లేదు, సంబంధం లేదు, ఒకవేళ అలాంటి చర్యలు జరిగినా వాటి సంగతే తెలియదు అని మెక్‌నమారా జవాబిచ్చారు. ఆ జవాబు నిజం కాదు. జూలై 30 రాత్రి హోన్ మె, హోన్ న్గు దీవుల మీద కాల్పులు జరిగాయి. ఆ రహస్య దాడుల పథకం అమెరికాది, పడవలు అమెరికావి, సిబ్బందికి శిక్షణ ఇచ్చిందీ అమెరికన్లే. మాడాక్స్ అదే తీరం వెంట తిరుగుతూ రేడియో, రాడార్ సంకేతాలు సేకరిస్తోంది. ఇవన్నీ ఆ గదిలోని సభ్యులకు చెప్పలేదు. లాగ్‌బుక్ రాలేదు.

సాక్షిని ప్రశ్నించడం మోర్స్‌కు వృత్తివిద్య. 1900లో విస్కాన్సిన్‌లో పుట్టి, ముప్ఫై ఒకటో ఏట ఒరెగాన్ విశ్వవిద్యాలయం లా స్కూలుకు డీన్ అయ్యారు. తర్వాత కార్మిక వివాదాల్లో మధ్యవర్తిగా పేరు తెచ్చుకున్నారు. యజమాని ఒకటి చెబుతాడు, యూనియన్ ఇంకొకటి చెబుతుంది, తీర్పు చెప్పేవాడు జీతాల రిజిస్టరు తెమ్మంటాడు. సెనేట్‌లోనూ ఆయన పద్ధతి అదే. 1944లో రిపబ్లికన్‌గా గెలిచారు. 1952లో పార్టీ తీరు నచ్చక బయటికొచ్చి, మరుసటి జనవరిలో మడత కుర్చీ ఒకటి వెంట తెచ్చుకుని రెండు పక్షాల మధ్య దారిలో వేసుకుంటానన్నారు. 1953లో సముద్ర తీరపు చమురు హక్కుల బిల్లు మీద ఏకబిగిన 22 గంటల 26 నిమిషాలు మాట్లాడారు. అప్పటికి సెనేట్‌లో అదే రికార్డు. 1955లో డెమోక్రాట్ అయ్యారు. ఆయన వెంట నడవడం తేలిక కాదు. నోరు పదును, కోపం ఎక్కువ. తన దగ్గరే చదువుకుని ఒరెగాన్ రెండో సెనేటర్ అయిన రిచర్డ్ న్యూబర్గర్‌తో కూడా తీవ్రంగా తగవుపడ్డారు. ఇవన్నీ తెలిసే నేను ఆయన్ని గౌరవిస్తున్నాను.

1964 నాటి వ్యతిరేకత హఠాత్తుగా పుట్టింది కాదు. 1955 జనవరిలో తైవాన్ రక్షణ పేరుతో ఐసెన్‌హోవర్ ఇలాంటి అధికారమే అడిగినప్పుడు సెనేట్‌లో 85 మంది ఔనన్నారు, ముగ్గురు కాదన్నారు. ఆ ముగ్గురిలో మోర్స్ ఉన్నారు. అప్పుడు అధ్యక్షుడు రిపబ్లికన్. 1964లో అధ్యక్షుడు సొంత పార్టీవాడు, పైగా సెనేట్‌లో పాత సహచరుడు. వాదన మాత్రం మారలేదు. యుద్ధం ప్రకటించే అధికారాన్ని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం 8వ సెక్షన్ కాంగ్రెస్‌కు ఇచ్చింది. ఇంకా జరగని యుద్ధానికి, తేదీ లేకుండా, హద్దు లేకుండా, ముందే సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చే హక్కు కాంగ్రెస్‌కు లేదు అన్నది ఆయన మాట.

మన పాఠకులకు ఇది కొంచెం కొత్తగా అనిపించవచ్చు. మన రాజ్యాంగంలో యుద్ధానికి ముందు పార్లమెంటు ఓటు తీసుకోవాలన్న నిబంధన లేదు. నిర్ణయం కేబినెట్‌ది. సభ చర్చిస్తుంది, డబ్బు మంజూరు చేస్తుంది. అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లు మాత్రం ఒక మనిషి చేతిలో యుద్ధం ఉండకూడదని తలచి ఆ అధికారాన్ని తీసుకెళ్లి చట్టసభలో పెట్టారు. మోర్స్‌కు బాధ కలిగించింది అధ్యక్షుడు అధికారం కోరడం ఒక్కటే కాదు, సభ దాన్ని ఇష్టపూర్వకంగా అప్పగించడం.

ఆగస్టు 7న ప్రతినిధుల సభలో చర్చ 40 నిమిషాల్లో ముగిసింది. 416 ఓట్లు అనుకూలం, వ్యతిరేకం సున్నా. సెనేట్‌లో 88–2. ఆ రెండో ఓటు అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్‌ది. మూజువాణి ఓటుతో బిల్లులు నిమిషాల్లో దాటిపోవడం చూసిన నాకు ఆ 40 నిమిషాలు ఆశ్చర్యం కలిగించవు. కానీ ఆ 40 నిమిషాల్లో ఒప్పుకున్న పనికి వెల చూడండి. 1965 మార్చిలో మెరీన్లు డానాంగ్‌లో దిగారు. 1968 నాటికి వియత్నాంలో అమెరికా సైనికులు 5 లక్షలు దాటారు. యుద్ధం ముగిసేసరికి చనిపోయిన అమెరికన్లు 58 వేలకు పైనే, వియత్నామీయులు లక్షల్లో. తీర్మానం ఆమోదించిన రోజున, చరిత్ర దీన్ని పెద్ద తప్పుగా నమోదు చేస్తుందని, రాబోయే తరాలు ఈ కాంగ్రెస్‌ను చూసి నిరాశ చెందుతాయని మోర్స్ సభలోనే చెప్పారు.

అదే ఏడాది ఒక టీవీ కార్యక్రమంలో విలేకరి పీటర్ లిసాగర్ ఆయనతో, విదేశాంగ విధానం రాజ్యాంగం ప్రకారం పూర్తిగా అధ్యక్షుడి బాధ్యతే కదా అన్నారు. ఇంతకంటే తప్పుడు మాట ఉండదని మోర్స్ అక్కడికక్కడే తోసిపుచ్చారు. ఆ విధానం ప్రజలది, అధ్యక్షుడు దాన్ని అమలు చేసేవాడు మాత్రమే అన్నారు. ప్రజలు విదేశాంగ విధానం నడపలేరు కదా అని లిసాగర్ మళ్లీ అన్నారు. వాస్తవాలు ఇస్తే ప్రజలు అర్థం చేసుకోగలరన్న నమ్మకం నాకు పూర్తిగా ఉంది, ఇవ్వడం లేదన్నదే నా ప్రభుత్వం మీద నా ఆరోపణ అని జవాబు. మా వృత్తిలో ఉన్నవాళ్లు ఎవరి పక్షాన నిలవాలో, ఆ పక్షాన ఆ రోజు నిలిచింది విలేకరి కాదు, రాజకీయ నాయకుడు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

1966 ఫిబ్రవరిలో విదేశీ వ్యవహారాల కమిటీ విచారణలు టీవీలో ప్రసారమయ్యాయి. అంతకుముందు సైగాన్‌లో రాయబారిగా పనిచేసిన జనరల్ మాక్స్‌వెల్ టేలర్ సాక్షి కుర్చీలో ఉన్నారు. ఎంతో కాలం పట్టదు, అమెరికా ప్రజలు ఈ యుద్ధాన్ని తిరస్కరిస్తారు అన్నారు మోర్స్. ‘అది హనోయికి మంచి వార్తే, సెనేటర్’ అన్నారు జనరల్. అంటే, నీ మాటలు శత్రువుకు పనికొస్తున్నాయని. యుద్ధాన్ని ప్రశ్నించిన ప్రతివాడి మీదా ఏ దేశంలోనైనా పడే నింద అదే. నిజాయితీగా విభేదించేవాళ్ల మీద మీ యుద్ధవాదులు బురద చల్లే పద్ధతి ఇదేనని నాకు తెలుసు, మీతోపాటు ఆ మురికి కాలువలోకి దిగి వాదించే ఉద్దేశం నాకు లేదు జనరల్ అని మోర్స్ గట్టిగా బదులిచ్చారు. దేశమంతా ఇళ్లలో కూర్చుని చూసింది. రెండు వారాలు తిరక్కుండానే, మార్చి 1న, టాంకిన్ తీర్మానాన్ని రద్దు చేయాలని ఆయన తెచ్చిన సవరణను సెనేట్ 92–5 ఓట్లతో పక్కన పెట్టేసింది. ఆ అయిదుగురిలో కమిటీ ఛైర్మన్ విలియం ఫుల్‌బ్రైట్ కూడా ఉన్నారు. 1964లో ఆ తీర్మానాన్ని సెనేట్‌లో దగ్గరుండి నెగ్గించింది ఆయనే.

1968లో మోర్స్ ఓడిపోయారు. బాబ్ ప్యాక్‌వుడ్ అనే యువ అభ్యర్థి చేతిలో, 8 లక్షలకు పైగా ఓట్లు పోలైన ఎన్నికలో, మూడు వేల పైచిలుకు ఓట్ల తేడాతో. గ్రూనింగ్ కూడా అదే ఏడాది ఓడిపోయారు. 1974లో మోర్స్ మళ్లీ పోటీకి దిగి, పార్టీ ప్రైమరీ గెలిచి, ప్రచారం మధ్యలో జూలై 22న కన్నుమూశారు. గ్రూనింగ్ అంతకు నెల ముందే మరణించారు.

పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్, హిల్స్‌బరో ఊళ్లలో చిప్ కంపెనీల చుట్టూ మనవాళ్లు చాలామందే స్థిరపడ్డారు. మా తమ్ముడి కుటుంబం కూడా అక్కడే. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు రెండు గంటల ప్రయాణం చేసి మోర్స్ స్థిరపడిన ఊరు యూజీన్ చూసొచ్చాను. ఊరి మధ్య ఆయన పేరుతో స్వేచ్ఛా ప్రసంగ కూడలి ఉంది, అక్కడ ఆయన విగ్రహం నిలబెట్టారు. ఫెడరల్ కోర్టు భవనానికీ ఆయన పేరే. గుర్రాలు పెంచిన ఆయన పొలం ఇప్పుడు నగర పార్కు. ‘పెదనాన్నా, ఈయన ఏం గెలిచాడని విగ్రహం పెట్టారు?’ అని మా తమ్ముడి కూతురు అడిగింది. అక్కడే హైస్కూలు చదువుతున్న పిల్ల. టాంకిన్ పేరు పాఠంలో చదివింది, ఆ రెండు ఓట్ల సంగతి తెలియదు. ఆ రోజు ఏమీ గెలవలేదని చెప్పాను. 1971 జనవరిలో ఆ తీర్మానం రద్దయింది. 1973 నవంబరులో, నిక్సన్ వీటోను కాదని, అనుమతి లేని సైనిక చర్యకు 60 రోజుల గడువు పెడుతూ యుద్ధాధికారాల చట్టం వచ్చింది. రెండూ జరిగేసరికి ఆయన సభలో లేరు. ఆ చట్టాన్ని తర్వాతి అధ్యక్షులు ఎంతగా పక్కకు నెట్టారో కూడా పిల్లకు దాచకుండా చెప్పాను.

ఇక ఆగస్టు 4 నాటి దాడి సంగతి. అమెరికా జాతీయ భద్రతా సంస్థలోనే చరిత్రకారుడిగా పనిచేసిన రాబర్ట్ హాన్యోక్ అంతర్గత అధ్యయనం 2005లో బయటికి విడుదలైంది. ఆ రాత్రి దాడే జరగలేదని, జరిగిందనిపించే సమాచారాన్ని మాత్రమే ఏరి పైవాళ్లకు అందించారని అది తేల్చింది. హెరిక్ సందేశాలను ఆ రోజే పెంటగన్‌లో చదివిన ఒక యువ ఉద్యోగి ఉన్నారు, డేనియల్ ఎల్స్‌బర్గ్. ఆయన అక్కడ కొత్త ఉద్యోగంలో చేరిన మొదటి రోజది. ఏడేళ్ల తర్వాత, వియత్నాం యుద్ధ నిర్ణయాల రహస్య చరిత్ర అయిన పెంటగన్ పత్రాలను ఆయన లోకానికి వెల్లడించాక మోర్స్ ఆయనతో ఒక మాట అన్నారు. నీ దగ్గరున్న ఆ రుజువులు 1964లోనే నాకిచ్చి ఉంటే ఆ తీర్మానం కమిటీ గడప దాటేది కాదు, దాటినా సభలో ఓడిపోయేది అని. ఆ మాట భారాన్ని ఎల్స్‌బర్గ్ జీవితాంతం మోశారు.

మోర్స్ మాటను కాదనడానికి నాకు మనసొప్పదు గానీ, ఈ ఒక్క చోట ఆయనతో ఏకీభవించలేను. ఆ రోజు సెనేట్‌లో అనుమానం వచ్చినవాళ్లు మరికొందరు ఉన్నారు. విస్కాన్సిన్ సెనేటర్ గేలార్డ్ నెల్సన్ తీర్మానానికి హద్దులు గీసే సవరణ ఒకటి రాసుకుని సిద్ధంగా ఉన్నారు. యుద్ధం విస్తరించే ఉద్దేశం లేదు, సవరణ అక్కర్లేదు అని ఫుల్‌బ్రైట్ చెబితే నమ్మి, అనుకూలంగా ఓటేశారు. ఆయనకు లోటైంది రహస్య పత్రం కాదు. నాయకుడి భరోసాను పక్కన పెట్టి, రుజువు చూపండి అనడానికి ఆ పూట ఆయనకు మనసు రాలేదు. మరుసటి మే నెలలో వియత్నాం కోసం జాన్సన్ అదనంగా 70 కోట్ల డాలర్లు అడిగారు. పెంటగన్ పత్రాలు అప్పటికింకా రాయనేలేదు. కొత్త రుజువేదీ సభ ముందుకు రాలేదు. నెల్సన్ లేచి, మోర్స్, గ్రూనింగ్‌లతో కలిసి వ్యతిరేకంగా ఓటేశారు. ఆ రోజు లెక్క 88–3.